అటక మీది గిన్నెలు

పొద్దున్నే గోదావరి గట్టున చేపలమ్ముకుని వచ్చి నూకరత్నం గ్యాసు మీద ఎసరు పెట్టేది. అన్నం వార్చి మూత తీసేసరికి తపేలా సగం ఖాళీ. ఎంత ఎక్కువ వండినా అంతే. అటక మీది గిన్నెలు తినేశాయని కోడలు సూర్యకళకి తెలుసు, కొవ్వూరులో వాళ్ళ వీధి వీధంతటికీ తెలుసు.

పెద్దకర్మ భోజనాలకి వెళితే, పోయినవాళ్ళ పేరు కొట్టించిన స్టీలు గిన్నె చేతిలో పెట్టి పంపుతారు కదా. ఆ పేరుగల మనిషి వాటా అన్నం తినకుండా ఆ గిన్నె ఊరుకోదు. అందుకే మిగతావాళ్ళు ఒకటో రెండో ఉంచుకుని మిగిలినవి వదిలించుకుంటారు. నూకరత్నం ఒక్కటీ వదల్లేదు. పైగా ఇరుగుపొరుగు తెచ్చి ఇచ్చినవీ పుచ్చుకుంది. పోయినోళ్ళని బయట పడేస్తామా అనేది. మహా గొప్ప మనసు! ఇంట్లో బతికున్న పిల్ల మాత్రం ఎండిపోతోంది.

సూర్యకళకి ఏడో నెల. మొగుడు వెంకటరమణ వేటకెళ్ళి, పడవ తిరగబడి పోయాడు. తొలికాన్పు బిడ్డ దక్కలేదు. ఒంట్లో రక్తం లేదని, ఇలాగే ఉంటే ఈ బిడ్డా దక్కదని ఆసుపత్రిలో నర్సమ్మ మొహమ్మీదే చెప్పింది.

ఆ రోజే నూకరత్నం అటకెక్కింది. మామగారిని, మేనత్తని, వీధిలో పోయిన ముసలివాళ్ళని, అందరినీ కొంగుతో తుడిచి, గోనెసంచుల్లోకెత్తి పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. ఇంట్లోకి గాలి వచ్చింది. ఇల్లు ఇంత పెద్దదా అనుకుంది సూర్యకళ.

మర్నాడు మూత తీస్తే తపేలాలో ఇంకా వెలితే. వెంకటరమణ అసలే తిండిపుష్టి గలవాడు. వాడి పెద్దకర్మకి పేరు కొట్టించిన స్టీలు డబ్బాల్లో ఒకదాన్ని తల్లి పాత వలల కింద దాచింది. కోడలికి చెప్పలేదు. కోడలూ అడగలేదు.

నాలుగు రోజులకే సూర్యకళ కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడింది. ఆమెను తెచ్చి పడుకోబెట్టి, నూకరత్నం వలలు లాగింది. డబ్బా తెరిచి చూసింది. అడుగున చేప ముళ్ళున్నాయి. గిన్నెలు అన్నమే తీసుకుంటాయి, చేప ఎవరో ఒకరు పెడితేనే. పొద్దున కోడలి కంచంలో తను వేసిన బొచ్చె ముక్క అది.

"నువ్వు పెట్టావా?"

"ఆయనకి చేప లేకపోతే ముద్ద దిగదు కదత్తా," అంది సూర్యకళ గోడవైపు తిరిగి.

నూకరత్నానికి కోపం రాలేదు. డబ్బా కొంగులో చుట్టుకుని పాత సామాన్లవాడి కొట్టుకి నడిచింది. ముందు సుత్తితో ఆ పేరు మీద కొట్టమంది. అక్షరాలన్నీ చితికేదాకా కదలకుండా నిలబడి చూసింది.

మధ్యాహ్నం మళ్ళీ వండి మూత తీస్తే తపేలా నిండుగా ఉంది. ఇద్దరూ దాన్ని చూసి ఏడ్చారు. నూకరత్నం కోడలి కంచం నిండా పెట్టి, ఇది వాడి వాటా, వాడి బిడ్డ కోసం తినమంది. సూర్యకళ ఏడుస్తూనే తింది.

"నేను పోయాక నా పేరు దేనిమీదా కొట్టించకే," అంది నూకరత్నం. "వచ్చినోళ్ళకి ఆకులో అన్నం పెట్టి పంపెయ్."

"అలాగే అత్తా," అని సూర్యకళ మరో ముద్ద కలుపుకుంది.