అడగకుండా లెక్కేసిన ఓటు

పొద్దున్న నేను గిన్నెలు తోముతుంటే మా ఆయన వెర్నన్ పేపరు మడిచి అన్నాడు: "ఆ స్టాకీ విడాకుల కేసు ఇవాళే కదూ? జాగ్రత్త. నవంబరులో బ్యాలెట్ మీద నీ పేరుంటుంది. భూమి జోలికొస్తే ఊళ్ళలో జనం ఊరుకోరు."

ఇక్కడ అమెరికాలో, మా రాష్ట్రంలో జడ్జి కుర్చీ నిలవాలన్నా జనం ఓట్లెయ్యాలి. కేసుల గురించి నేను ఇంట్లో నోరెత్తను. అతనే పేపర్లో చదువుకుని నాకు సలహాలిస్తాడు. చెడ్డవాడేం కాదు. మా ఆవిడ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి అని ఊరంతా చెప్పుకుంటాడు, ఇంటికొచ్చి తన మేజోళ్ళు ఎక్కడున్నాయని అడుగుతాడు.

ఆర్లీన్ స్టాకీకి డెబ్బై ఏళ్ళు. నలభై ఒక్క ఏళ్ళు భర్త పొలంలో దూడలకు పాలు పట్టింది, ట్రాక్టరు నడిపింది, కోతలప్పుడు పన్నెండు మందికి వండి పెట్టింది. భూమి అతనికి తండ్రి నుంచి వచ్చింది, ఆమె ఇంటిపనిలో సాయం చేసిందంతే అని కింది కోర్టు ఆమెకు ఒక పాత కారూ, ఊళ్ళో చిన్న ఇల్లూ ఇచ్చి పంపేసింది.

మేము ఏడుగురం తలుపు వేసుకుని చర్చించే గదిలోకి గుమాస్తాలు కూడా రాకూడదు. ఎవరైనా తలుపు తడితే అందరిలోకీ కొత్తగా వచ్చిన జడ్జి లేచి వెళ్ళాలి, అది ఆనవాయితీ. ఆరేళ్ళు నేనే లేచాను. జనవరిలో కైల్ బ్రాంట్ వచ్చాడు, అతని కుర్చీ తలుపు పక్కనే. ఇవాళ తలుపు చప్పుడైతే అతను కాగితాల్లోంచి తలెత్తలేదు. అందరూ నా వంక చూశారు. అప్పటికే నేను లేచి నిలబడి ఉన్నాను! సిగ్గేసింది. ఇంత చదువూ చదివి, నా కాళ్ళు నా మాట వినవేమిటని ఒళ్ళు మండింది.

బయట ఆఫీసు అమ్మాయి మధ్యాహ్నం భోజనాల జాబితా పట్టుకుని నిలబడింది. ఎవరికి ఉల్లిపాయ వద్దో, ఎవరికి చీజ్ ఎక్కువ కావాలో నాకు కంఠతా వచ్చు. చెప్పి లోపలికొచ్చేసరికి చీఫ్ జస్టిస్ ఎల్డన్ ప్రూయిట్ ఫైలు మూసేస్తున్నాడు.

"అయిపోయింది లొరేన్. కింది కోర్టు తీర్పే ఖాయం. నాలుగు, మూడు."

"నాలుగెవరు?"

"నేను, డ్వేన్, కైల్, నువ్వు."

"నేనా? నన్ను ఎప్పుడడిగారు?"

"నిన్ను అడగడమేమిటమ్మా, నువ్వెప్పుడూ నాతోనే కదా!"

డ్వేన్ నవ్వాడు. ఎల్డన్ అన్నదాంట్లో అబద్ధం లేదు. "మా కోడలితో ఏ పేచీ లేదు, ఏదీ అడగక్కర్లేదు" అని మా అత్తగారు చుట్టాలందరికీ చెప్పేది. ముప్పై ఏళ్ళు దాన్ని నేను మెచ్చుకోలనే అనుకున్నాను. యాభై ఎనిమిదేళ్ళకు ఈ కుర్చీ పోతే మళ్ళీ ఇలాంటిది దొరకదు. భయం వేసింది, దాచడమెందుకు.

"నా ఓటు అటు కాదు, ఇటు," అన్నాను. "మీరు ముగ్గురు, మేం నలుగురం. తీర్పు నేను రాస్తాను."

ఎల్డన్ కళ్ళజోడు తీశాడు. "నవంబరు సంగతి ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను."

మధ్యాహ్నం నా గదిలో కూర్చుని తీర్పు మొదలుపెట్టాను. మొదటి వాక్యం రెండుసార్లు కొట్టేసి, మూడోసారి ఇలా రాశాను: "ఆర్లీన్ స్టాకీ రైతు."