యాదవ్వ పెట్టిన ఇంటూ

మా ఓనరు వీరభద్రంగారు శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు మీద పద్నాలుగు గదులు కట్టి ‘హోటల్ వీరభద్ర లేక్ ప్యాలెస్’ అని పేరు పెట్టారు. అందులో లేకూ లేదు, ప్యాలెసూ లేదు. వీరభద్రంగారు మాత్రం ఉండేవారు, పొద్దస్తమానం రిసెప్షన్ ఎదుటి సోఫాలో. చెరువు చూడాల్సిందేనని పట్టుబట్టిన వాళ్లని నేను మేడ మీదికి తీసుకెళ్లి వాటర్ ట్యాంకు నిచ్చెన ఎక్కించేవాణ్ని. వానాకాలమైతే చెరువు కనిపించేది. ఎండాకాలమైతే అది ఉన్న దిక్కు చూపించేవాణ్ని.

నా పేరు భానుప్రకాశ్. మాది సూరారం. చెప్పుల దుకాణం పై అంతస్తులో ఆరు నెలలు చదివి హోటల్ మేనేజ్‌మెంటులో డిప్లొమా తెచ్చుకున్నాను. లేక్ ప్యాలెస్‌కి నేను ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్ని. ఫ్రంటూ నేనే, ఆఫీసూ నేనే. బోర్డు మీద హోటల్ అని ఉన్న పాపానికి రోజూ పదిమంది లోపలికొచ్చి ఇడ్లీ ఉందా అని అడిగేవారు. లేదంటే నన్ను ఎగాదిగా చూసి, మరి హోటలని ఎందుకు రాసుకున్నారని తిట్టి పోయేవారు. మా వైపు హోటళ్లు రెండే రకాలు, టిఫిన్ దొరికేది, దొరకనిది.

అంతకంటే ఎక్కువ రకాలున్నాయని 2003లో తెలిసింది. తుర్కపల్లిలో మందుల ల్యాబులు లేచాయి. ఫారిన్ నుంచి వచ్చే సైంటిస్టులను నక్షత్రాలున్న హోటల్లోనే దింపుతామని ఒక కంపెనీవాళ్లు చెప్పిపోయారు. ఆ మాట విన్నప్పటి నుంచి వీరభద్రంగారికి పగలే నక్షత్రాలు కనిపించడం మొదలైంది.

“మూడు రావాలయ్యా భానూ,” అన్నారు. “రెండొస్తే లాభం లేదు. రాజమండ్రిలో మా తోడల్లుడి హోటలుకి రెండున్నాయి. రేపు పెళ్లిళ్లలో వాడి పక్కన కూర్చోవద్దూ?”

నక్షత్రాలు తెప్పించడానికి సిటీ నుంచి దీక్షిత్ అనే సలహాదారుణ్ని పిలిపించారు. ఆయన జూలై ఉక్కపోతలో కూడా టై విప్పేవాడు కాదు. వచ్చీ రాగానే నా కౌంటర్ వెనక ఒక తెల్ల పలక పెట్టించి, గదికో గడి గీసి, ఏ గది ఏ స్థితిలో ఉందో అందులో రాయాలన్నాడు. మనిషి ఉంటే ఆక్యుపైడ్. ఖాళీ చేశాక ఊడ్చకపోతే వేకెంట్ డర్టీ. ఊడ్చి దుప్పటి మారిస్తే వేకెంట్ రెడీ. పాడైపోయి ఎవరికీ ఇవ్వలేనిదైతే అవుట్ ఆఫ్ ఆర్డర్. సామాను గదిలో ఉండి మనిషి రాత్రికి పక్క మీదికి రాకపోతే స్లీప్ అవుట్. మా సూరారంలో ఊరంతా అట్లాగే ఆరుబయట పడుకుంటుంది, దాన్ని మేము ఎండాకాలం అంటాం. ఆ మాట పైకి అనలేదు. జీతం నెలాఖరుకి కదా వచ్చేది.

ఈ పాఠాలు నాతో పాటు యాదవ్వ కూడా వినాల్సి వచ్చింది. యాదవ్వది తూంకుంట. ఎనిమిదేళ్లుగా మా పద్నాలుగు గదులూ ఊడ్చి, తుడిచి, పక్కలు వేసేది ఆమె ఒక్కతే. చదువు రాదు. కానీ ఇంటింటికీ పోలియో చుక్కలు వేసే ఆదివారాలు ఆమె కూడా మందు డబ్బా పట్టుకుని తిరిగేది. చుక్కలు వేసిన ఇంటి తలుపుకి ‘పి’ అని, వేయలేకపోయిన ఇంటికి ఇంటూ పెట్టడం అక్కడ నేర్చుకుని, ఆ పద్ధతినే హోటల్లో పెట్టింది. గది పూర్తయితే తలుపు చట్రం కింద సుద్దముక్కతో ‘పి’ అని రాసేది. నల్లా కారుతున్నా, దుప్పటి చాకలి దగ్గర నుంచి రాకపోయినా, లోపల మనిషి పడుకునే ఉన్నా ఇంటూ గుర్తు పెట్టేది. ఇంటూ ఉంటే మళ్లీ రావాలని అర్థం. మళ్లీ వచ్చేది కూడా.

ఇక్కడొక నిజం చెప్పాలి. నేను రోజూ పొద్దున వరండాలో ఒక చుట్టు తిరిగి, ఆమె గుర్తులు చూసి, వాటికి ఇంగ్లీషు పేర్లు పెట్టి దీక్షిత్ పలక నింపేవాణ్ని. ఆయన పలక చూసి నన్ను మెచ్చుకునేవాడు. నేను వినయంగా తల వంచుకునేవాణ్ని.

ఒకరోజు దీక్షిత్ ఆమెను నిలబెట్టి ఆ పేర్లన్నీ అప్పజెప్పమన్నాడు. ఆమె నోరు తిరగలేదు. “మూడు నక్షత్రాల హోటల్లో ఇట్లాంటి వాళ్లుంటే కష్టమండీ,” అన్నాడు ఓనరుతో, ఆమె ఎదుటే.

వీరభద్రంగారు కాసేపు సోఫాలో ఆలోచించి తీర్పు చెప్పారు. “యాదమ్మా, నక్షత్రాలిచ్చే కమిటీ వచ్చెళ్లేదాకా చూద్దాం. అన్నీ సవ్యంగా జరిగితే నీకు యూనిఫాం కుట్టించి పర్మనెంట్ చేస్తాను. ఏదైనా తేడా వచ్చిందో, ఇంక నువ్వు రానక్కర్లేదు.”

ఆ ఉద్యోగం మీదే ఆమె కూతురు శోభారాణి మేడ్చల్‌లో ఇంటర్ చదువుతోంది. శోభారాణికి రెండేళ్లప్పుడు యాదవ్వ దంపతులు బోధన్ వైపు చెరుకు కొట్టడానికి వలస పోయారు. అక్కడే పిల్లకు పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. ఇంటికొచ్చి చుక్కలు వేసే రోజులు కావవి.

కమిటీ వచ్చే ముందు వారం రోజులు హోటల్‌కి ముస్తాబు జరిగింది. పన్నెండు గదుల్లోని విరిగిన మంచాలు, చిరిగిన పరుపులు, ఉబ్బిన తలుపులు, పని చేయని గీజర్లు అన్నీ మిగిలిన రెండు గదుల్లో కుక్కాము. అవి నూట తొమ్మిది, రెండు వందల నాలుగు. ఆ రెంటినీ పలక మీద అవుట్ ఆఫ్ ఆర్డర్ అని రాస్తే సరిపోయేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. నిజం చెబితే పోయేదేమీ లేదు కాబట్టి ఆ ఆలోచన ఎవరికీ తట్టలేదు.

“ఆక్యుపైడ్ అని రాయండి,” అన్నాడు దీక్షిత్. “హోటల్‌కి గిరాకీ ఉన్నట్టు కనిపించాలి.”

“ఫారిన్ సైంటిస్టులున్నారని చెబుదాం,” అన్నారు వీరభద్రంగారు ఉత్సాహంగా.

నేను రాశాను. రెండు తలుపులకీ ‘లోపల నిద్రపోతున్నారు, పిలవకండి’ అనే అట్టముక్కలు తగిలించాను. తలుపు చట్రాల కింద యాదవ్వ ఇంటూలు అప్పటికే ఉన్నాయి. వెళ్లి ఆమెను అడిగాను.

“యాదవ్వా, గా రెండు గదుల ఇంటూలు తుడిచెయ్యి. అన్నిటికీ పి పెట్టు. ఒక్క పూటనే గదా.”

“గా గదులు నేను ఊడ్వనే లేదు బిడ్డా. పి ఎట్ల పెడ్త?”

“ఎవ్వడు సూస్తడు? నీ నౌకరి నిలవడ్తది.”

ఆమె చీపురు గోడకు ఆనించి నన్ను చూసింది. “తాళమేసిన ఇంటికి ఇంటూ పెట్టి నేను మూడు మూడు సార్లు పోయిన. ఒట్టిగ పి పెడ్తే ఎవ్వల్దో ఒక కాలు పోతది. నా సేతుల నుంచి గా పని గాదు.”

హోటల్ గదికి కాళ్లుంటాయా అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

మర్నాడు పదకొండింటికి ముగ్గురు సభ్యుల కమిటీ దిగింది. పెద్దావిడ పేరు పార్వతీదేవి. యాదవ్వను మేము కాళ్లు తుడుచుకునే చిరిగిన పట్టాలతో పాటు వంటింటి వెనక దాచేశాం. రిసెప్షన్‌లో ప్లాస్టిక్ పూలు చూశారు, బాగున్నాయన్నారు. పార్వతీదేవిగారు నా పలక ముందు ఆగారు.

“ఆక్యుపైడ్ రెండున్నాయే. ఎవరు?”

“ఫారిన్ సైంటిస్టులండి,” వీరభద్రంగారు అందుకున్నారు. “రాత్రంతా విమానంలో వచ్చారండి పాపం. ఒళ్లు తెలీకుండా నిద్రపోతున్నారండి.”

ఆవిడ మేడ ఎక్కారు. గదులు చూసుకుంటూ, వరండాలో నడుస్తూ, ఉన్నట్టుండి రెండు వందల నాలుగు దగ్గర వంగారు.

“ఈ గుర్తులు ఎవరు పెట్టారు?”

“పిల్లలు మేడం,” అన్నాడు దీక్షిత్. “తుడిపించేస్తాం.”

“చూసిన తలుపులన్నిటికీ పి, దీనికీ కింద ఇంకోదానికీ ఇంటూ. పిల్లల ఆట ఇంత పద్ధతిగా ఉండదు. నేను మండలాఫీసులో పనిచేసినప్పుడు ఆరు విడతలు పోలియో చుక్కలు వేయించాను. పెట్టినావిణ్ని పిలవండి.”

యాదవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“అమ్మా, ఈ గదిలో మనిషి ఉన్నాడా?” అడిగారు పార్వతీదేవిగారు.

వీరభద్రంగారు యాదవ్వను చూశారు. దీక్షిత్ టై సర్దుకున్నాడు. యాదవ్వ మాత్రం నన్ను చూసింది. పలక మీద రాసింది నేను కాబట్టి జవాబు చెప్పాల్సింది నేనే. చెబుతానేమోనని ఆమె ఆగింది కూడా. నేను గోడ మీద కొత్త సున్నాన్ని చాలా శ్రద్ధగా చూశాను. అంత శ్రద్ధ డిప్లొమా చదివేటప్పుడు పెట్టి ఉంటే ఈపాటికి ఎక్కడో ఉండేవాణ్ని.

“లేడమ్మా,” అంది యాదవ్వ. “లోపటంత సామానున్నది. సాపు గాలే. గందుకే ఇంటూ వెట్టిన.”

తాళం తీయక తప్పలేదు. తలుపు సగం తెరుచుకుని ఆగిపోయింది. ఒక పరుపు మెల్లగా బయటికి జారింది. దాని వెనకే పాత సైన్‌బోర్డు ఒకటి వచ్చి పార్వతీదేవిగారి పాదాల దగ్గర పడింది. ‘శ్రీ వీరభద్ర లాడ్జి. గంటల లెక్కన గదులు దొరుకును’ అని దాని మీద ఉంది.

దీక్షిత్ ఆ బోర్డును కాలితో పక్కకి నెట్టాడు. “స్లీప్ అవుట్, మేడం,” అన్నాడు.

పార్వతీదేవిగారు నవ్వలేదు, కోప్పడలేదు. కిందికి దిగి, యాదవ్వ దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని, మా పెద్ద తలుపు చట్రం మీద ఇంటూ పెట్టారు. “ఆరు నెలల తర్వాత మళ్లీ వస్తాం. మీ హోటల్లో నేను చూసిన రాతల్లో ఈమెదొక్కటే నమ్మేటట్టుంది,” అని చెప్పి జీపు ఎక్కారు.

వీరభద్రంగారు ఆ గుర్తు ముందు చాలాసేపు నిలబడ్డారు. “మధ్యలో ఇంకొక్క గీత గీస్తే నక్షత్రమే కదయ్యా,” అన్నారు దిగులుగా.

మర్నాడు పొద్దున, యాదవ్వకు రావద్దని చెప్పమన్నారు. ఆయన నోటితో చెప్పడానికి మొహమాటమట. చెప్పాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. అది నాకు మరీ కష్టంగా ఉంది. నాలుగు మాటలు తిట్టి ఉంటే నా పని సులువయ్యేది. కొంగు ముడి విప్పి సుద్దముక్క తీసింది. ఓనరు కూర్చునే సోఫా కోడు మీద ‘పి’ రాసింది.

“గీడ అయిపోయింది. మళ్ల వచ్చే పని లేదు,” అంది.

తర్వాత నా కౌంటర్ దగ్గరికొచ్చి, కింద చెక్క మీద ఇంటూ పెట్టింది.

“నాకెందుకు యాదవ్వా గిది?”

“నీది ఇంక గాలే బిడ్డా. మళ్ల సూడాలె.”

ఆమె వెళ్లిపోయింది. సర్టిఫికెట్లున్న ఇద్దరమ్మాయిలు వచ్చారు. గది ఊడ్చినా ఊడ్వకపోయినా వేకెంట్ రెడీ అని చక్కటి ఇంగ్లీషులో చెప్పేవారు. నేను రాసుకునేవాణ్ని. వరండాలో తిరిగి చూడ్డానికి అక్కడిక ఏ గుర్తులూ లేవు. కౌంటర్ కింది ఇంటూ మాత్రం తుడవబుద్ధి కాలేదు. కుర్చీ లాగినప్పుడల్లా కళ్లబడి సిగ్గనిపించేది. ఎనిమిదేళ్లు హోటల్‌ని మోసిన మనిషి నా ఒక్క మాట కోసం ఆగితే ఆ మాట అనలేకపోయాను. ఎట్లా తిప్పి చెప్పినా ఇది మర్యాదగా కనిపించదు.

జనవరిలో కమిటీ మళ్లీ వచ్చింది. ఈసారి పాత సామానంతా అమ్మేశాం. కానీ రెండు వందల నాలుగో గది స్లాబు నుంచి నీళ్లు కారుతున్నాయి. దీక్షిత్ ముందురోజే దాని మీద రంగు వేయించి, పలక మీద వేకెంట్ రెడీ రాయించాడు. పార్వతీదేవిగారు కౌంటర్ దగ్గర కుర్చీలో కూర్చోబోతూ కిందికి చూశారు.

“ఈ ఇంటూ ఎవరిది?”

“నాది మేడం,” అన్నాను. గుడ్డ తీసుకుని, పలక మీద రెండు వందల నాలుగు గడి తుడిచి, అవుట్ ఆఫ్ ఆర్డర్ అని రాశాను. “స్లాబు కారుతాంది మేడం. రంగు నిన్న వేసినం. పోయినసారి సైంటిస్టులున్నరని రాసింది కూడా నేనే. యాదవ్వ తప్పేం లేదు.”

లేక్ ప్యాలెస్‌కి ఒక్క నక్షత్రం వచ్చింది. రాజమండ్రి తోడల్లుడు స్వయంగా ఫోన్ చేసి అభినందించాడట. ఆ ఫోన్ పెట్టేసిన పావుగంటకి నా ఉద్యోగం వేకెంట్ రెడీ అయింది.

సాయంత్రం బస్సెక్కి తూంకుంటలో దిగాను. కొత్త లేఅవుట్‌లో నాలుగిళ్లు ఊడ్చి అప్పుడే వచ్చిన యాదవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన శోభారాణి పుస్తకం పట్టుకుని చదువుకుంటోంది. జరిగిందంతా చెప్పాను. చేసిన ఘనకార్యానికి కొంచెం రంగులద్ది మరీ చెప్పాను. యాదవ్వ అంతా విని, లోపలికెళ్లి చాయ్ తెచ్చింది.

“ఇప్పుడన్న నాకు పి పెడ్తవా యాదవ్వా?” అడిగాను.

“ఒక్కనాడు నిజం జెప్పంగనే అయిపోతదా బిడ్డా?” అని గ్లాసు నా చేతిలో పెట్టింది. “వచ్చే ఆయితారం చుక్కలేసుడున్నది. మందు డబ్బా మొయ్యనీకె మనిషి తక్కువున్నడు. పొద్దుగాల్ల రా.”