సత్తు గిన్నె కింద

నేను ఒక పెట్టెను. పసుపు రంగు, టిఫిన్ డబ్బా అంత ఒళ్లు, నెత్తిన ఎండకు బతికే నల్లటి పలక, పక్కన చిన్న మూత కింద ఎర్ర బొత్తాం. చూడటానికి అమాయకంగా ఉంటాను కానీ నా పని ఆకాశంతో మాట్లాడటం. నన్ను పడవలో బిగిస్తే, ఆ పడవ సముద్రంలో ఎక్కడుందో పైనున్న ఉపగ్రహానికి చెబుతాను. అది ఒడ్డునున్న కేంద్రానికి చెబుతుంది. గాలివాన వచ్చేలా ఉంటే కేంద్రం దానికి, అది నాకు, నేను పడవవాళ్ల ఫోనుకు చెబుతాం. ఇన్ని నోళ్లు మారిన మాటను నమ్మొచ్చా అని అడిగితే, ఆ అనుమానం నాకూ ఉంది. ఉపగ్రహాన్ని నేనింతవరకు చూడలేదు, అది నన్ను చూడలేదు. ముఖాలు చూసుకోకుండా కుదిరిన సంబంధం మాది.

అనుమానం నాకు పుట్టుకతోనే అబ్బింది. నన్ను చేసిన చోట తెల్ల టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు నా కడుపులో తీగలన్నీ ఎంతో ముద్దుగా అతికారు. నేను మురిసిపోయేలోగా ఒకాయన వచ్చి నన్ను పొయ్యిలాంటి గదిలో ఉడికించాడు, ఐసు గదిలో గడ్డకట్టించాడు, ఉప్పునీళ్లలో ముంచాడు, బల్లకు కట్టి గడగడా ఊపాడు. ఇదంతా పరీక్షట. కన్నవాళ్లే నమ్మని బిడ్డ ఇంకెవరిని నమ్ముతుంది? చిత్రం ఏమిటంటే, మనుషులు ఒక వస్తువును ఇంతలా అనుమానించి, చివరికి దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు మాత్రం "కళ్లు మూసుకుని నమ్మండి" అంటారు.

అలాగే అన్నారు, ఉత్తరాంధ్ర తీరాన ఒక మత్స్యకారుల పేటలో. తుపాను షెల్టరులో సభ పెట్టి, పడవకొక పెట్టె చొప్పున ఉచితంగా పంచారు. నేను మైలపల్లి దానయ్య చేతిలో పడ్డాను. అతను నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, పక్కనున్న బావమరిది కొర్లయ్యతో అన్న మొదటి మాట నాకింకా గుర్తుంది.

"ఊరికే ఇత్తన్నారంటే ఏదో ఉంటాది బావా. మనం ఎక్కడెక్కడ తిరుగుతన్నామో ఈళ్లకెందుకు?"

నాకు ఆ మనిషి నచ్చాడు. అచ్చం నాలాంటివాడే అనుకున్నాను.

దానయ్యకు తన నీడ మీద కూడా నమ్మకం లేదు. దానికొక కారణం ఉంది. సముద్రం అడుగున ఒక రాళ్ల దిబ్బ ఉంది, దాని చుట్టూ వంజరం చేపలు గుంపులుగా తిరుగుతాయి. ఆ చోటు అతని తండ్రి కనిపెట్టాడు. నీటి మీద గుర్తులు పెట్టలేరు కదా, అందుకని ఆ పేటవాళ్లు ఒడ్డు మీది వస్తువులను ఒకదాని వెనక ఒకటి కలిపి చూసుకుని చోటు పట్టుకుంటారు. ఫలానా గోపురం ఫలానా కొండ పక్కకు వచ్చినప్పుడు వల వెయ్యి, అన్నట్టు. ఆ కలయికే ఇంటి ఆస్తి. తండ్రి కొడుక్కి చెబుతాడు, ఇంకెవరికీ చెప్పడు. కొర్లయ్య తన అక్కను కట్టబెట్టిన చనువుతో దానయ్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఆ దిబ్బ ఎక్కడుందో రాబట్టలేకపోయాడు.

దానయ్య దిబ్బకు తిన్నగా వెళ్లేవాడు కాదు. దక్షిణానికి పోయి, వేరే పడవ కనబడితే ఉత్తుత్తిగా గాలం వేసి కూర్చుని, అది కనుమరుగయ్యాక తిరిగి వచ్చేవాడు. పడవలో తోడుకు ఏరికోరి గురువులును పెట్టుకున్నాడు. గురువులు పెద్దవాడు, వరసకు మావ. వల లాగడంలో అతని తర్వాతే ఎవరైనా. కానీ కళ్లకు పొర వచ్చి దూరం చూపు ఆనదు. ఒడ్డున కొండ ఉందో గోపురం ఉందో అతనికి తెలియదు. అందుకే దానయ్య అతన్ని పెట్టుకున్నాడు! జాలిపడి పెట్టుకున్నాడని పేటంతా మెచ్చుకునేది.

ఇక నా సంగతి. దిబ్బ దగ్గరికి రాగానే దానయ్య అన్నం వండే సత్తు గిన్నె తీసి నా మీద బోర్లించేవాడు. ఆకాశానికి కనబడకుండా దాచాననుకునేవాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుందని నవ్వబోయాను కానీ, నిజం చెప్పాలి, గిన్నె పడగానే నాకు పైమాట ఆగిపోయేది. నా మాటా పైకి పోయేది కాదు. ఒడ్డున కేంద్రంలో మా పడవ సముద్రంలో ఉన్నట్టుండి మాయమై, మళ్లీ ఎక్కడో తేలేది. వాళ్లు నాలోనే ఏదో లోపం ఉందనుకున్నారు. ఒక కుర్రాడొచ్చి నన్ను విప్పి, ఊది, మళ్లీ బిగించి పోయాడు. పాపం నాది కాదని ఎవరికి చెప్పను?

ఒక మధ్యాహ్నం దిబ్బ మీద లంగరు వేసి ఉన్నాం. చేప బాగా పడుతోంది. నేను గిన్నె కింద ఉన్నాను. పడమటి నుంచి ఈదురుగాలి వస్తోంది, పడవలన్నీ ఒడ్డుకు రావాలని కేంద్రం చెప్పిందట. మిగతా పెట్టెలన్నిటికీ అందింది. నాకు అందలేదు.

మబ్బు దగ్గరికి వచ్చాకగానీ దానయ్య చూడలేదు. గబగబా లంగరు లాగబోయారు. అది రాళ్లలో ఇరుక్కుంది. అల పడవను ఎత్తింది, తాడు బిర్రబిగిసింది, ఆ తాడు మెలికలో గురువులు కాలు ఉంది. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు గిన్నె కింద ఉన్న నాక్కూడా వినబడింది. దానయ్య కత్తితో తాడు కోసేశాడు. తువ్వాలు చింపి తొడకు గట్టిగా కట్టి నెత్తురు ఆపాడు. ఈలోగా అల మీద అల వచ్చి మోటారులోకి నీళ్లు పోయాయి. ఎంత లాగినా అది అంటుకోలేదు.

అప్పుడు నా మీద గిన్నె తీశాడు. వాన చుక్కలు నా మొహాన కొట్టాయి. అతని వేలు నా మూత ఎత్తి, ఎర్ర బొత్తాం మీద ఆగింది.

నొక్కలేదు.

మనుషుల వేళ్లు నాకు తెలుసు. భయపడిన వేలు వణుకుతుంది. ఇది వణకలేదు, లెక్క వేస్తోంది. ఇప్పుడు నొక్కితే ఈ చోటు ఆకాశానికి, ఆకాశం నుంచి ఒడ్డుకు, ఒడ్డు నుంచి పేటంతటికీ తెలిసిపోతుంది. లంగరు తెగింది కదా, గాలి పడవను తోస్తోంది. కాస్త దూరం కొట్టుకుపోనీ, అప్పుడు నొక్కుదాం. అదీ లెక్క. నా జీవితంలో నేను చూసిన అనుమానాలన్నిటిలోకీ అది పెద్దది. నాకు ఆ వేలు మీద అసహ్యం వేసింది.

"నొక్కినావేట్రా?" అన్నాడు గురువులు పళ్లు బిగించి.

నొక్కితే నాలో ఎర్ర దీపం మిణుకుమంటుంది. పడవ అవతలి కొసన పడి ఉన్న అతనికి, ఆ పొర కళ్లకు, అది కనబడదు.

"నొక్కినాను మావా. వచ్చెత్తారు," అన్నాడు దానయ్య.

పడవ కొట్టుకుపోతూనే ఉంది, కానీ దిబ్బ పొడుగుది. గురువులు ఒళ్లు చల్లబడుతోంది. చాలాసేపటికి అతను మళ్లీ నోరు విప్పాడు.

"నువ్వు నొక్కనేదురా దానా. ఇంకా దిబ్బ మీదే ఉన్నాం. దాటేదాకా నొక్కవు."

దానయ్య గిరుక్కున తిరిగాడు. "దిబ్బ మీదున్నామని నీకెలాగ తెల్సు?"

"అల ఇరిగే తీరు ఏరుగా ఉంటాది గదరా ఇక్కడ. ఇన్నేళ్ల బట్టి కూకుంటన్నాను, నా నడుంకి తెలీదా? దచ్చినానికెల్లి తిరిగొత్తావు, ఎండ ఏ పక్క కాత్తందో నా మొకానికి తెలీదా?"

"మరెవులికీ సెప్పనేదేటి?"

"నువ్వు దాసుకున్నదాన్ని నాను సెప్పడమేటి?"

దానయ్య బొత్తాం నొక్కాడు. నొక్కినవాడు వెంటనే వేలు తియ్యాలి. అతను తియ్యకుండా అలాగే అదిమి పట్టి ఏడ్చాడు. నేను నా గొంతున్నంత మేర ఆకాశానికి అరిచాను. ఈసారి ఆకాశాన్ని నమ్మాను, వేరే దారి లేదు గనక.

కేంద్రం నుంచి కబురందుకుని దగ్గర్లో ఉన్న పడవ వచ్చింది. అది కొర్లయ్యది. ఒడ్డుకు పోతున్నవాడు ఆ గాలిలో వెనక్కి తిరిగి వచ్చాడు. గురువులు బతికాడు. కాలు మాత్రం తీసేశారు. కట్టు బిగించి చాలాసేపయింది, ఇంకాస్త ముందు తెచ్చుంటే కాలు దక్కేదని పెద్దాసుపత్రి డాక్టరు అన్నాడట.

తర్వాత షెల్టరులో మళ్లీ సభ. నాకు దండ వేశారు! ఆకాశ విజ్ఞానం రెండు ప్రాణాలు కాపాడిందని ఒకాయన మాట్లాడాడు. నొక్కాక ఎంత తొందరగా కబురు అందిందో చెప్పి చప్పట్లు కొట్టించాడు. నొక్కకముందు సంగతి ఎవరూ అడగలేదు. ఒక్క దాలమ్మ అడిగింది. ఆమె గురువులు భార్య, ఒడ్డున అందరి పడవల చేపలూ దించుకుని తట్టలో పెట్టుకుని ఊళ్లలో అమ్ముతుంది.

"తాడు తగిలిన ఎంటనే నొక్కినావా బాబూ?"

కర్ర సాయంతో కూర్చున్న గురువులు అందుకున్నాడు. "ఎంటనే నొక్కీసేడే. నాను ఇన్నాను గదా."

దానయ్య లేచి నిలబడ్డాడు. ఈ మనిషి నోరు విప్పడని నేను పందెం కాసేవాణ్ణి. ఓడిపోయేవాణ్ణి.

"నేదత్తా. మావ అబద్దమాడతన్నాడు. నాను ఆగేను. సోటు తెలిసిపోద్దని ఆగేను."

దాలమ్మ అతన్ని చూసింది, మొగుడి కాలు ఉండాల్సిన చోటు చూసింది. "ఆ సోటు మా ఆయన కాలు కన్నా ఎక్కువేట్రా?" అంది. గొంతు పెంచలేదు. సభలో ఎవరికీ చప్పట్లు కొట్టాలనిపించలేదు.

దానయ్య అందరికీ వినబడేలా ఆ దిబ్బ గుర్తులు చెప్పేశాడు. దీపస్తంభం కొండ చీలికలోకి రావాలి, ఉప్పు గోదాము కప్పు తాటి తోపు చివరను తాకాలి. తండ్రి చెప్పిన మాటలు చెప్పినట్టే, మొత్తం.

ఇక చూస్కో, తెల్లారేసరికి పడవలన్నీ దిబ్బ మీద వాలతాయని అనుకున్నాను. మనుషుల మీద నాకున్న అభిప్రాయం అలాంటిది. దానయ్య పడవ ఇసుకలోనే ఉంది, అతను దాని అంచున కూర్చున్నాడు. ఒక్కొక్క పడవా అలలు దాటి పోయింది. ఒక్కటీ అటు తిరగలేదు. అందరూ చూస్తున్నారని సిగ్గుపడ్డారేమో, రేపు దొంగచాటుగా వెళ్తారులే అనుకున్నాను. రేపూ వెళ్లలేదు, ఆ తర్వాతా వెళ్లలేదు.

కొర్లయ్య సగం బుట్ట చిన్న చేపలతో తిరిగొచ్చిన రోజున దానయ్య ఉండబట్టలేక అడిగాడు.

"గుర్తులన్నీ సెప్పేను గదా బావా. ఎల్లనేదేటి?"

కొర్లయ్య వల దులుపుతూ అన్నాడు. "ఎల్లొచ్చు బావా. ఆ సేప తెచ్చి దాలమ్మత్త తట్టలో ఎలాగెయ్యమంటావు?"