పెద్దక్క కొవ్వు

"రక్తం గ్రూపు కలిసింది. గుండె బాగుంది. కిడ్నీలూ బాగున్నాయి," అన్నాడు కాలేయాల డాక్టరు. ఆయన అలా ఒక్కొక్కటే బాగుందని చెప్పుకుంటూ పోతుంటే, అసలు సంగతి చివర్న దాచుకున్నాడని పెద్దక్కకు అర్థమైపోయింది.

ఆయన కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పాడు.

"ఇది మీ కాలేయం. ఇందులో దాదాపు నాలుగోవంతు కొవ్వే ఉంది. ఇలాంటిది కోసి పెడితే మీ తమ్ముడికి పనిచెయ్యదు. మిగిలిన ముక్క మీకూ చాలదు. ఇప్పుడున్న పరిస్థితిలో మీ దగ్గర తీసుకోలేమమ్మా."

"ఇప్పుడున్న పరిస్థితిలో అంటే?"

"బరువు తగ్గితే కాలేయంలో కొవ్వు కూడా తగ్గుతుంది. ఓ పది కిలోలు తగ్గి రండి, మళ్ళీ స్కాను చేద్దాం."

"టైమెంత ఉందండీ?"

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండు నెలలనుకుందాం. ఆ తర్వాత నేను మాట ఇవ్వలేను."

బయట వరండాలో తమ్ముడు బెంచీ మీద భార్య భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై దాటి చాలా ఏళ్ళయినా ఇంట్లో వాడి పేరు చంటి. డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతాడు. సిగరెట్టు ముట్టనివాడు, మందు వాసన గిట్టనివాడు. వాడి ఒళ్ళే వాడి కాలేయాన్ని శత్రువనుకుని కొరుక్కు తినే జబ్బు పట్టుకుంది. భార్య గ్రూపు కలవలేదు. చనిపోయినవాళ్ళ నుంచి వచ్చే కాలేయం కోసం పేరు రాయించారు కానీ, వాడి ముందు చాలామందే ఉన్నారు. సొంతవాళ్ళలో మిగిలింది అక్క ఒక్కతే.

"ఏమన్నారక్కా?" అన్నాడు. కళ్ళు పసుపు పూసినట్టున్నాయి.

"అన్నీ బాగున్నాయటరా. ఇంకేదో చిన్న పరీక్ష ఉందట. దానికి కొంచెం టైము పడుతుందట," అంది పెద్దక్క. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. మరదలు మాత్రం ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి తల తిప్పేసుకుంది.

యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో అందరూ ఆమెను పెద్దక్క అనే పిలుస్తారు. ఆ 'పెద్ద' వయసుకా, ఒంటికా అని కొత్తవాళ్ళెవరైనా గుసగుసలాడితే, "రెంటికీ లేవే, మొహమాటం దేనికి!" అని ముందు ఆమే నవ్వేసేది. కుర్చీ కిర్రుమంటే దాని తప్పేమీ లేదని వెనకేసుకొచ్చేది. ఎవరో అనేదాకా ఆగడం కన్నా తానే అనేసుకుంటే నొప్పి తక్కువని చిన్నప్పుడే కనిపెట్టింది. చంటి ఒక్కడికి మాత్రం ఏమైనా అనే హక్కుండేది. "మా అక్క ఎక్కితే ఇంక హ్యాండ్ బ్రేకు అక్కర్లేదు" అనేవాడు కారు డోరు తీసి పట్టుకుని. "నీకు కొవ్వెక్కువే తల్లీ" అనేవాడు, ఆమె ఎవరితోనైనా పోట్లాడి వస్తే. ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఆ మాట గుర్తొచ్చి, ఎక్కడో కలుక్కుమంది.

మర్నాటి నుంచే నడక మొదలెట్టింది. రెండు సాయంత్రాలు తిరిగేసరికి మోకాళ్ళు కుండల్లా వాచాయి. కుట్టు మిషను పెడలు తొక్కీ తొక్కీ అరిగిన మోకాళ్ళవి. మూడో పూట మంచం దిగలేక ఏడుస్తుంటే, లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్ళాడు. ఎవరో పెద్ద అపార్ట్‌మెంటు సెల్లారులో దుమ్ము కొట్టుకుపోతున్న రోయింగ్ మెషిన్‌ను అడిగి పుచ్చుకుని, తోటి మెకానిక్కుతో కలిసి మోసుకొచ్చాడు.

"పడవ నడిపినట్టు కూర్చుని లాగడమేనట. మోకాళ్ళ మీద బరువు పడదట," అన్నాడు రొప్పుతూ.

దాన్ని ముందుగదిలో పెడితే సోఫాను గోడకి నిలబెట్టాల్సి వచ్చింది. వీధి తలుపు సగమే తెరుచుకునేది. పొడుగాటి పట్టా, దాని మీద జారే పీట, ముందు ఫ్యాను లాంటి చక్రం, దాని లోపలికి చుట్టుకుపోయే గొలుసుకు ఒక పిడి. పీట బాగా కిందికి ఉంది. దాని మీద కూర్చోవడానికే భర్త రెండు చేతులూ పట్టుకోవాల్సి వచ్చింది. కాళ్ళు పట్టీల్లో దూర్చి ముందుకి జరిగితే పొట్ట తొడలకి అడ్డం పడింది. మోకాళ్ళు పక్కకి పెట్టి ఎలాగో పిడి అందుకుంది. చక్రం పక్కనున్న మీటను చివరిదాకా తోసేసింది. బరువెంత ఎక్కువుంటే కొవ్వంత తొందరగా కరగదా మరి!

లాగింది. చక్రం గాలివానలా హోరెత్తింది. పిడిని రెండు చేతులతో గుండెలదాకా గుంజింది, మళ్ళీ గుంజింది. ఐదు నిమిషాలైనా గడిచిందో లేదో, ఊపిరి అందక పక్కకి ఒరిగి నేల మీద పడింది. లేవబోతే కాళ్ళు సహకరించలేదు. నాలుగు కాళ్ళ మీద నిలబడ్డట్టు అలాగే ఉండిపోయింది. భర్తకు నవ్వొచ్చింది. తర్వాత ఆమె భుజాలు కదలడం చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఊరుకోవే. రేపు చూద్దాంలే."

"రేపు రేపంటే వాడేమైపోతాడండీ!" అని అరిచిందామె, నేలకేసి చూస్తూనే.

ఆ వారమంతా ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. పొద్దున్నే ఒక విడత, వర్క్‌షాపు నుంచి రాగానే మరో విడత. తిండి దాదాపు మానేసింది. మధ్యాహ్నం ఒక దోసకాయ, సాయంత్రం మజ్జిగ. పక్క మిషన్లవాళ్ళు డబ్బాలు విప్పుతుంటే బయటికెళ్ళి నిలబడేది. అరచేతులు బొబ్బలెక్కాయి. సూదిలో దారం ఎక్కించబోతే కళ్ళు బైర్లు కమ్మేవి. బరువు చూసుకునే యంత్రం మీద అంకె మాత్రం కిందికి దిగుతోంది. అది చూసినప్పుడల్లా ఆమెకు ప్రాణం లేచొచ్చేది.

ఆ వారం చివర ఒక పొద్దున పిడి గుంజుతుండగా నడుములో ఏదో పటుక్కుమంది. అరవడానికి కూడా నోరు పెగల్లేదు. భర్త వచ్చి చూసేసరికి పీట మీదే వంకరగా బిగుసుకుపోయి ఉంది.

ఆసుపత్రిలో నడుముకి సూదిమందు వేసి, ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి పంపారు. చిన్నపిల్లే కానీ కచ్చితమైన మనిషి. జరిగినదంతా చెప్పించుకుని, "కాలేయం కోసమే అయితే మీరు దాన్ని కాపాడట్లేదండీ, కాల్చేస్తున్నారు," అంది. "కడుపు మాడ్చుకుంటే కాలేయం మీద ఇంకా భారం పడుతుంది. ఒంట్లో కండ కరిగిపోతుంది. గుడ్లు తినండి, పప్పు తినండి, కూరగాయలు తినండి. తీపి, నూనె మానెయ్యండి. చాలు."

"టైము లేదమ్మా నాకు."

"టైము లేదు కాబట్టే చెబుతున్నా. ఇప్పుడు మీకు నడుము పోయి ఎన్ని రోజులు పోయాయో చూశారా?"

పెద్దక్క తల దించుకుంది.

నడుము కాస్త కుదుటపడ్డాక ఆ అమ్మాయే ఇంటికి వచ్చింది. మీటను చివరినుంచి కిందికి, మూడో అంకె దగ్గరికి దింపింది. "ఇది చేతుల పని కాదండీ, కాళ్ళ పని. ముందు కాళ్ళతో తొయ్యండి. కాళ్ళు చాచాక నడుము కొద్దిగా వెనక్కి. అప్పుడు చేతులు. వెనక్కొచ్చేటప్పుడు ముందు చేతులు చాపాలి, తర్వాత నడుము, ఆఖర్న మోకాళ్ళు. తొందర పడొద్దు. నాతో మాట్లాడుతూ చెయ్యగలిగితే అదే సరైన వేగం."

"ఏం మాట్లాడను?"

"మీ తమ్ముడి గురించి చెప్పండి."

పెద్దక్క తోసింది. వాడికి కారు నేర్పింది తన పెళ్ళిచూపులకొచ్చి వద్దని వెళ్ళిపోయిన పెళ్ళికొడుకేనని చెప్పింది. తోసింది. ఆ మాటకి ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. చక్రం ఈసారి హోరెత్తలేదు. ఊపిరి తీసి వదిలినట్టు సవ్వడి చేసింది. ఇరవై నిమిషాలు గడిచాయంటే నమ్మలేకపోయింది పెద్దక్క.

అలా కుదురుగా సాగినా, దిగులు మాత్రం కుదుటపడలేదు. నిదానంగా చేస్తే నిదానంగానే తగ్గుతోంది. కొన్నాళ్ళకి అంకె అసలు కదలడం మానేసింది. అక్కడ చంటి పొట్టలోకి నీరు చేరుతోంది. ఆసుపత్రిలో తీయించుకుని వచ్చిన వారానికే మళ్ళీ నిండు నెలల పొట్టలా ఉబ్బుతోంది. పొట్ట కరగాల్సినదానికి కరగదు, ఉబ్బకూడనివాడికి ఉబ్బుతోందని ఆమె గోడకి తల ఆనించుకుని ఏడ్చింది.

ఒక సాయంత్రం ఆమె మెషిన్ మీద ఉండగా సగం తెరిచిన తలుపులోంచి చంటి లోపలికొచ్చాడు. వెనకాల మరదలు గడపలోనే నిలబడిపోయింది.

"ఇదేంటక్కా?"

పెద్దక్క ఆగలేదు. "కనబడట్లా? వ్యాయామం."

"ఇది నాకన్నీ చెప్పేసింది," అన్నాడు భార్యను చూపించి. "చిన్న పరీక్షన్నావ్. నడుం విరగ్గొట్టుకున్నావంట. తిండి మానేశావంట. నాకొద్దు నీ కాలేయం. రేపే డాక్టరుకి చెప్పేస్తా."

"నోర్మూసుకుని కూర్చోరా."

"నేను పోతే పోతానక్కా. ఆ భయం ఎప్పుడో పోయింది. కానీ నేను పోతే, నా కొవ్వు వల్లే తమ్ముడు పోయాడని నువ్వు బతికినన్నాళ్ళూ కుమిలి చస్తావ్. అందుకే ఇవ్వాళే చెప్తున్నా. నాకొద్దన్నానని గుర్తుపెట్టుకో. తప్పు నాది అనుకో."

పెద్దక్క చేతిలోంచి పిడి జారిపోయింది. గొలుసు సర్రున లోపలికి చుట్టుకుని ఠంగుమంది. వరండాలో అబద్ధమాడిన రోజు నుంచీ ఎవరితోనూ అనలేక గొంతులో అడ్డం పడి ఉన్న మాట అదే. దాన్ని వాడే పైకి లాగి ముందర పెట్టాడు.

"అవున్రా," అంది చివరికి. "అనుకుంటాను. నువ్వెన్ని చెప్పినా అదే అనుకుంటాను. అందుకని నన్ను తొయ్యనీ. కాకపోతే కాలేదనుకుంటా. తొయ్యలేదని మాత్రం అనుకోలేను."

నిలబెట్టిన సోఫా పక్కన చంటి నేల మీద మెల్లగా చతికిలబడ్డాడు. ఆమె మళ్ళీ పిడి అందుకుంది. వాడు అక్కడే కూర్చుని, ఆ పూట పని పూర్తయ్యేదాకా చూశాడు. హాస్యమేమీ ఆడలేదు.

స్కాను ఇంకో వారంలో ఉందనగా మరదలు ఫోను చేసింది. "వదినా, ఈయన ఏదేదో మాట్లాడుతున్నారు. బ్రేకు తొక్కు, బ్రేకు తొక్కు అని నా మీద అరుస్తున్నారు. నన్ను గుర్తుపట్టట్లేదు వదినా!"

మందగించిన కాలేయం విషాన్ని వడకట్టలేక అది మెదడుకెక్కిందని డాక్టరు చెప్పాడు. దానితోపాటు పొట్టనీటిలో ఇన్‌ఫెక్షన్. చంటిని ఐసీయూ అద్దాల గదిలో పెట్టారు. పెద్దక్క అక్కడే కాళ్ళావేళ్ళా పడి తన స్కాను ముందుకి జరిపించుకుంది.

"చాలా తగ్గింది," అన్నాడు డాక్టరు. ఆయన గొంతులో నిజమైన మెచ్చుకోలు ఉంది. "కానీ ఇంకా మా హద్దుకి కొంచెం పైనే ఉంది."

"కొంచెమే కదండీ! ఆ కొంచెం వల్ల నాకేమైనా పరవాలేదు, సంతకం పెడతాను. కోసెయ్యండి." ఆమె టేబులు మీదకి వంగి ఆయన చెయ్యి పట్టేసుకుంది. "నేను చేసిందంతా చూశారుగా మీరు! ఇంకేం చెయ్యమంటారు నన్ను?"

డాక్టరు చెయ్యి విడిపించుకోలేదు. "అమ్మా, ఇన్‌ఫెక్షన్ ఉండగా అతన్ని ముట్టుకోలేం. అది లొంగాలంటే రెండు వారాలన్నా పడుతుంది. లొంగితే అప్పుడు మీ స్కాను ఇంకోసారి చూస్తాను. ఈలోగా మీరు ఇంటికెళ్ళండి."

లొంగితే. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. ఆ రెండు వారాలూ ఎలా గడిచాయో తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయింది. ఫోను పీట పక్కనే నేల మీద పెట్టుకునేది. కాళ్ళు, నడుము, చేతులు. చేతులు, నడుము, కాళ్ళు. ఫోను మోగితే గుండె ఆగేది, మోగకపోయినా ఆగేది. జ్వరం దిగిందని ఒకనాడు, మళ్ళీ వచ్చిందని ఇంకొకనాడు. భర్త గుడ్లు ఉడకబెట్టి ప్లేటు పట్టుకుని నిలబడేవాడు, తినేదాకా కదిలేవాడు కాదు. మింగుడు పడకపోయినా తినేది. బరువు చూసుకోవడం మానేసింది. ఇక ఆ అంకెను నమ్మేంత ధైర్యం ఆమెలో మిగల్లేదు.

ఇన్‌ఫెక్షన్ లొంగింది. మూడో స్కాను తెర మీద చాలాసేపు చూసి డాక్టరు, "చాలు," అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకుంది. ఆ తర్వాత కుర్చీలోంచి లేవలేకపోతే భర్తే లేపాడు.

ఆపరేషను నుంచి తెలివొచ్చేసరికి ఒళ్ళంతా గొట్టాలు. మరదలు ఆమె చెవి దగ్గరికి వంగింది. "పెట్టారు వదినా. కొత్త ముక్కలో పైత్యరసం ఊరుతోందట. పనిచేస్తోందట." ఆ సంతోషం ఒక్క పూటే నిలిచింది. లోపల రక్తం కారుతోందని మర్నాడు చంటిని మళ్ళీ కోశారు. ఆమె మంచం మీద కదల్లేక పడుకుని, పైకప్పు కేసి చూస్తూ, ఇప్పుడు తొయ్యడానికి కూడా ఏమీ లేదే అనుకుంది. మొత్తం బాధలో ఆ పూటే ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది.

రక్తం ఆగింది. తర్వాత కొన్నాళ్ళకి నర్సు ఆమెను నెమ్మదిగా నడిపించుకుంటూ అద్దాల గదికి తీసుకెళ్ళింది. చంటి కళ్ళు తెరిచే ఉన్నాయి. తెల్లగుడ్డులో పసుపు అంచుల్లో మాత్రమే మిగిలింది.

"నొప్పిగా ఉందా అక్కా?" అన్నాడు గాలిలాంటి గొంతుతో.

"నవ్వితేనేరా."

"అయితే నవ్వించన్లే."

పెద్దక్కకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే కూడా కుట్ల దగ్గర అంతే నొప్పని అప్పుడే తెలిసింది. నర్సు గబగబా ఒక దిండు తెచ్చి ఆమె పొట్టకి అదిమి, "దీన్ని గట్టిగా పట్టుకుని ఏడవండి, కుట్లు లాగకుండా ఉంటాయి," అంది. ఆ దిండును రెండు చేతులా హత్తుకుని, తమ్ముడి మంచం పక్కన కుర్చీలో కూర్చుని, ఇన్నాళ్ళదీ కలిపి ఏడ్చింది పెద్దక్క.