నిశ్శబ్దం బోర్డు

మరియదాసు పేపరు చదువుతున్నంతసేపూ తన కొట్లో టీ చల్లారిపోతోందని బసవపున్నయ్య గోల పెట్టేవాడు. పెట్టి పెట్టి, చివరికి తానూ కొట్టు వదిలేసి కాలవ వంతెన దాటి, వచ్చి వినేవాళ్ళలో కూర్చునేవాడు.

కంకిపాడుకి అవతల, కాలవ గట్టు మీదున్న ఊరది. పంచాయతీ వాళ్ళు ఒక గది, ఒక బీరువా ఇచ్చి లైబ్రరీ అన్నారు. మరియదాసును అందులో కూర్చోబెట్టి లైబ్రేరియన్ అన్నారు. పుస్తకాలు ముట్టుకునేవాళ్ళు అంతంతమాత్రం. కానీ సాయంత్రం నాలుగింటికి తలుపు తీసేసరికి అరుగు నిండిపోయేది. వచ్చేవాళ్ళలో అక్షరం ముక్క వచ్చినవాళ్ళు తక్కువ. మరియదాసు గడప మీద కూర్చుని, గొంతు సవరించుకుని, మొదటి పేజీ నుంచి పైకి చదివేవాడు. మధ్యలో వాళ్ళు అడ్డం పడేవాళ్ళు. మంత్రుల్ని తిట్టేవాళ్ళు. ఎరువుల ధర దగ్గర మళ్ళీ చదవమనేవాళ్ళు.

అందరూ లేచేముందు దానమ్మ ఒక మాట అడిగేది. కూలికెళ్ళే ముసలామె, మరియదాసు ఉండే పేటలోనే ఇల్లు.

"ఇంతేనా దాసూ? ఇంత లోకంలో ఇంకేం జరగలేదా?"

"ఎందుకు లేదత్తా, ఇంకా ఉంది," అని మరియదాసు ఆఖరి పేజీ తిప్పేవాడు. ఎక్కడో ఒక గేదె తప్పిపోయిందనో, ఎవరో బ్యాండుమేళం అద్దెకిస్తారనో చిన్న అక్షరాల్లో ఉన్నది వెతికి చదివేవాడు. ఆమె తృప్తిగా తలాడించి, చెంగు దులుపుకుని వెళ్ళేది.

అతనికి ఆ మాట కావాలి. నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే తెల్లారేది. భార్య శౌరమ్మ పోయి ఏళ్ళయింది. పిల్లల్లేరు. ఇంటికెళ్ళి గడియ పెట్టుకున్నాడంటే, మళ్ళీ లైబ్రరీ తలుపు తీసేదాకా అతని గొంతుతో ఎవరికీ పనిలేదు, అతనితో సహా.

డెబ్బై నాలుగులో జిల్లా నుంచి కబురొచ్చింది. ట్రైనింగు లేనివాడికి ఉద్యోగం పర్మనెంటు కాదు, లైబ్రరీకి గ్రేడు రాదు, గ్రేడు లేనిదే గ్రాంటు రాదు. బెజవాడ వెళ్ళి సర్టిఫికెట్ కోర్సు చదివి రమ్మన్నారు. మరియదాసు ఎగిరి గంతేశాడు. గ్రాంటొస్తే ఏం చెయ్యాలో అతనెప్పుడో అనుకుని ఉన్నాడు. కుర్చీలు కొనిపించాలి. ఫ్యాను పెట్టించాలి. దానమ్మత్త నేల మీద కూర్చుని మోకాళ్ళు పట్టుకుని లేవడం చూడలేకపోతున్నాడు.

వన్ టౌన్లో మిరపకాయల గోడౌను మీద గది దొరికింది. కింద రోజంతా బండ్లూ, హమాలీల కేకలూ. పైన దగ్గుతూ మరియదాసు. అంత జనంలో అతన్ని పేరు పెట్టి పిలిచినవాడు లేడు. క్లాసులో అందరూ మీసాలు సరిగా రాని కుర్రాళ్ళు. వాళ్ళ మధ్య ఆఖరి బెంచీలో కూర్చుని పుస్తకాలకి నెంబర్లు వెయ్యడం నేర్చుకున్నాడు, కార్డులు రాయడం నేర్చుకున్నాడు. మాష్టారు ఒకరోజు, "గ్రంథాలయంలో నోరు తెరవాల్సింది పుస్తకం ఒక్కటే," అన్నారు. ఆ మాట మరియదాసుకి సూటిగా తగిలింది. ఇన్నేళ్ళూ తను నడిపింది లైబ్రరీ కాదు, రచ్చబండ అనుకుని సిగ్గుపడ్డాడు. మాష్టారు ఆ ఊరి అరుగు చూసి ఉంటే ఆ మాట అనేవారో లేదో. చూడలేదు మరి. మరియదాసూ చెప్పలేదు.

ఊరికి బయల్దేరేముందు బోర్డులు రాసే అబ్దుల్ రవూఫ్ కొట్టుకెళ్ళాడు.

"ఏం రాయమంటారండీ?" అన్నాడు రవూఫ్.

"నిశ్శబ్దం."

"అంతేనాండీ? ఆసుపత్రికా?"

"లైబ్రరీకి. మా ఊళ్ళో."

రవూఫ్ కుంచె డబ్బాలో ముంచుతూ, "పల్లెటూరికెందుకండీ ఇది," అన్నాడు. మరియదాసు జేబులోంచి డబ్బులు తీసి లెక్కపెట్టాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. దిగిన రోజే బోర్డు గోడకి కొట్టించాడు. సాయంత్రం అరుగు నిండింది. ఇన్నాళ్ళూ వాళ్ళు మొహం వాచి ఉన్నారు. దానమ్మ అందరికన్నా ముందొచ్చి గడప పక్కన కూర్చుంది. మరియదాసు పేపరు తెరవలేదు. బోర్డు వైపు వేలు చూపించాడు. వాళ్ళు బోర్డు చూశారు, అతన్ని చూశారు.

"ఏంటది దాసూ? మాకేం తెలుసు, చదివి చెప్పు," అంది దానమ్మ.

చదవక తప్పింది కాదు. "నిశ్శబ్దం," అని పైకి చదివాడు.

మిగతాది వినడానికి అందరూ చెవులొగ్గి కూర్చున్నారు.

"ఆ తర్వాత?"

"తర్వాతేం లేదత్తా. అంతే. ఇక్కడ ఎవరూ మాట్లాడకూడదు. ఇకమీదట పేపరు ఎవరికి వాళ్ళు మనసులో చదువుకోవాలి."

"ఏమోయ్ దాసూ," అన్నాడు బసవపున్నయ్య, "ఇంటిపన్నుతో కలిపి లైబ్రరీ పన్ను కట్టేదీ మేమే, నోరు మూసుకునేదీ మేమేనా?"

అందరూ గొల్లుమన్నారు. మరియదాసు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

మనవాడు బెజవాడలో చదువుకొచ్చాడన్న గౌరవంతో కొన్నాళ్ళు వచ్చారు. వచ్చి ఏం చేస్తారు పాపం. అరచేతులు చూసుకునేవాళ్ళు, అరుగు పెచ్చులు గిల్లేవాళ్ళు. దానమ్మ లేచేటప్పుడు అలవాటుగా నోరు తెరిచేది, బోర్డు చూసి మూసుకునేది. తర్వాత ఒక్కొక్కరే మానేశారు. బసవపున్నయ్య టీకొట్టుకి సొంతంగా పేపరు తెప్పించడం మొదలుపెట్టాడు. వాడిది గుణింతాలు దాటని చదువు. అయినా వాడే చదివేవాడు.

మరియదాసుకి తెలుస్తూనే ఉంది. గ్రాంటు రానీ, కుర్చీలు రానీ, అన్నీ చక్కబడతాయి అని తనకి తానే చెప్పుకునేవాడు. ఖాళీ గదిలో పుస్తకాలకి నెంబర్లు అంటించేవాడు, బీరువా తుడిచేవాడు, తుడిచిందే మళ్ళీ తుడిచేవాడు.

ఒకరోజు పొద్దున జిల్లా నుంచి ఆఫీసరు వచ్చారు. నెంబర్లు చూశారు, కార్డులు చూశారు, బోర్డు చూసి ముచ్చటపడ్డారు.

"ఇంత ప్రశాంతంగా ఉన్న లైబ్రరీ నేను చూళ్ళేదండీ," అన్నారు. పొలం పనుల రోజులు కదా, జనం సాయంత్రం వస్తారనుకుని ఉంటారు. మరియదాసు అవునని గానీ కాదని గానీ అనలేదు.

గ్రేడొచ్చింది. గ్రాంటొచ్చింది. పంచాయతీ కరెంటుతో ఫ్యాను తిరిగింది, కొత్త కుర్చీలు బండి మీద దిగాయి. ఆ సాయంత్రం మరియదాసు కుర్చీలు వరసగా వేసి, గడప పక్కన దానమ్మకి ఒకటి విడిగా వేసి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. పొద్దు వాలేదాకా చూసి, ఇక ఉండబట్టలేక తనే వంతెన దాటాడు.

టీకొట్టు దగ్గర నవ్వులు వినిపిస్తున్నాయి. అతను పందిరి కిందికి రాగానే ఎవరో, "దాసుగారొచ్చారు, ఊరుకోండి," అన్నారు. బసవపున్నయ్య పేపరు మడిచి కింద పెట్టాడు. అందరూ నోళ్ళు మూసుకున్నారు. దానమ్మ బల్ల మీంచి లేచి, చెంగు భుజం మీదికి లాక్కుని, "కూర్చోండి బాబూ," అంది.

ఆమె తనని మీరు అనడం అతను అదే మొదటిసారి వినడం.

"కుర్చీలొచ్చాయత్తా," అన్నాడు. "ఫ్యాను కూడా పెట్టారు. రండి, ఇవాళ నేనే పైకి చదువుతాను."

వాళ్ళు మొహాలు చూసుకున్నారు.

"వద్దులెండి దాసుగారూ," అన్నాడు బసవపున్నయ్య. "ఆ బోర్డు చూసే గ్రాంటిచ్చారంట గదా. మేమొచ్చి గోల చేస్తే మీ ఉద్యోగానికి మాటొస్తుంది. మా నోళ్ళు మంచివి కాదు."

"మీకు మాట రానివ్వం బాబూ," అంది దానమ్మ. "అటు రాంలెండి."

ఎత్తిపొడుపు కాదది. ఎత్తిపొడుపే అయితే పోట్లాడేవాడు. అది నిఖార్సయిన ప్రేమ. బసవపున్నయ్య మంచి గ్లాసు కడిగి టీ ఇచ్చాడు, డబ్బులొద్దన్నాడు. అతను తాగినంతసేపూ ఎవరూ పలకలేదు. కాస్త దూరం వచ్చాక వెనక మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. ఆ నవ్వు తన మీద కాదని అతనికి తెలుసు. తన మీదయినా బాగుండేది.

లైబ్రరీకొచ్చి ఫ్యాను ఆపాడు. ఆపితే కాలవ అవతలి మాటలు లీలగా వినిపిస్తున్నాయి. గాలి అటునుంచి ఇటు తిరిగి ఉంది. బసవపున్నయ్య ఏదో మాట దగ్గర తడబడి, దాన్ని వదిలేసి, ముందుకు పోయాడు. కాసేపటికి అదీ అయిపోయింది. అప్పుడు దానమ్మ గొంతు.

"ఇంతేనా పున్నయ్యా? ఇంకేం జరగలేదా?"

"ఇంతేనే తల్లీ, పో."

మరియదాసు చప్పున లైబ్రరీ పేపరు అందుకున్నాడు. "ఇంకా ఉందత్తా," అన్నాడు. ఆఖరి పేజీ తిప్పి, బోర్డు కింద నిలబడి, గొంతు సవరించుకుని చదివాడు. మంగళగిరిలో ఎవరిదో నల్లగేదె తప్పిపోయింది. కొమ్ము విరిగి ఉంటుందిట. ఆచూకీ చెప్పినవారికి బహుమానం ఇస్తారుట. ఒక్క అక్షరం వదలకుండా, అరుగు చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేలా చదివాడు.

చదివి, పేపరు దించి, కుర్చీల వైపు చూస్తూ కాసేపు ఆగాడు. ఎవరూ ఏమీ అడగలేదు.