కారణం గడి

1975 మార్చి 28, శుక్రవారం, మధ్యాహ్నం రెండూ పదికి రాళ్ళగుట్ట మీది మంట కిందికి మళ్ళింది. రెండున్నరకు గుట్టకిందిపేటలో మొదటి ఇల్లు అంటుకుంది. మూడున్నరకల్లా యాభై ఎనిమిది ఇళ్ళలో నలభై ఒకటి కాలిపోయాయి. ఆరుగురు చనిపోయారు: ముగ్గురు ముసలివాళ్ళు, ఒక బాలింత, ఇద్దరు పిల్లలు.

ఆ రోజు గుడ్‌ఫ్రైడే.

తిరువూరు నుంచి ఎ.కొండూరు వెళ్ళే బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే పేట వస్తుంది. పేటకు ఉపదేశి యేసుదాసు. ఫాదర్ అంతోనయ్య తిరువూరు నుంచి నెలకు రెండుసార్లు వచ్చి పూజ చేసి వెళ్తారు. మిగతా రోజుల్లో ప్రార్థన చెప్పించడం, గంట కొట్టడం, పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ రిజిస్టర్లలో రాయడం యేసుదాసు పని. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాడు. అంతకుముందు వాళ్ళ నాన్న చేసేవాడు.

గుడ్‌ఫ్రైడేకి ముందు గురువారం పూజలో గంట కొట్టి ఆపితే మళ్ళీ శనివారం పూజలోనే కొట్టాలి. ప్రభువు చనిపోయి ఉన్న రోజుల్లో గంట మోగకూడదు. ఈలోపు జనాన్ని ప్రార్థనకు పిలవాలంటే రెండు కొయ్య చెక్కలు ఒకదానికొకటి కొడతారు.

రెండూ పదికి యేసుదాసు చర్చి మెట్ల మీద ఉన్నాడు. మార్చిలో గుట్ట మీద పొగ ఎవరికీ కొత్త కాదు. కానీ పొగ వెనక మంట కిందికి రావడం అతను ఎప్పుడూ చూడలేదు. లోపలికి పరిగెత్తాడు. గంట తాడు పైన కొక్కేనికి తగిలించి ఉంది. గురువారం తనే తగిలించాడు. చేయి పైకి వెళ్ళింది. మళ్ళీ కిందికి వచ్చింది. బల్ల మీద చెక్కలున్నాయి. అవి తీసుకుని బయటికొచ్చి కొట్టాడు.

విన్నవాళ్ళు సిలువ మార్గం ప్రార్థనకు పిలుస్తున్నాడనుకున్నారు. మూడింటికి కదా, ఇప్పుడే కొడుతున్నాడేంటి అనుకుంటూ కాళ్ళు కడుక్కున్నారు, ఉతికిన బట్టలు తీసుకున్నారు. చర్చి పేటకు ఈ చివర ఉంది, గాలి ఆ చివర నుంచి వీస్తోంది. అతని కేకలు ఇళ్ళదాకా పోలేదు. గోడ గడియారంలో రెండూ ఇరవై అయ్యాక చెక్కలు పారేసి వీధిలోకి పరిగెత్తాడు.

ముసలి మేరమ్మ శవం నీళ్ళ తొట్టి పక్కన దొరికింది. మెడలో జపమాల ఉంది. ఆమె యేసుదాసుకు మేనత్త.

శనివారం పొద్దున ఆరుగురినీ పూడ్చారు. మరణాల రిజిస్టరులో పేరు, వయసు, తండ్రి లేక భర్త పేరు, తేదీ, కారణం అని అయిదు గడులుంటాయి. యేసుదాసు నాలుగు గడులు నింపి ఫాదర్ వైపు చూశాడు.

"కారణం ఇప్పుడు రాయకు. గవర్నమెంటు విచారణ వేస్తుంది. తేలాక రాద్దాం," అన్నారు ఫాదర్.

గడి ఖాళీగా ఉంచాడు.

మంట ఎవరు పెట్టారో పేటలో అందరికీ తెలుసు. గుట్ట మీది బీడీ ఆకు కాంట్రాక్టరు తిరువూరు వ్యాపారి కాశీవిశ్వనాథం. వేసవిలో లేత ఆకు రావాలంటే ముందుగా పొదల కొమ్మలు కొట్టించాలి. కాంట్రాక్టు కాగితంలో ఉన్నది అదే. కొమ్మలు కొట్టించాలంటే యాభై మంది కూలీలకు పదిహేను రోజుల పని. నిప్పు పెడితే ఒక పూట. అందుకని ఏటా నిప్పే పెట్టించేవాడు. పేటవాళ్ళు వెళ్ళి గుట్ట చుట్టూ పది అడుగుల వెడల్పున ఎండుటాకు ఊడ్చేవారు. ఆ గీత దాటి మంట వచ్చేది కాదు.

గురువారం కాశీవిశ్వనాథం మేస్త్రీ ఆదిశేషయ్య పేటకొచ్చి, రేపు గీత ఊడ్చడానికి రమ్మన్నాడు. మేరమ్మ కూతురు జోజమ్మ వాకిట్లో ఉంది.

"రేపు గుడ్‌ఫ్రైడే మేస్త్రీ. చీపురు ముట్టం. సోమవారం వస్తాం."

"మీ దేవుడు లేచేదాకా ఆకు ఆగుతుందా? మీరు రాకపోతే పని ఆగదమ్మా," అన్నాడు ఆదిశేషయ్య.

పని ఆగలేదు. గీత ఊడ్చకుండానే నిప్పు పెట్టారు.

ఏప్రిల్ 9న తిరువూరు ట్రావెలర్స్ బంగళాలో విచారణ జరిగింది. విచారణ అధికారి వెంకటకృష్ణారావు. పేట నుంచి పద్నాలుగు మంది వెళ్ళారు. మొదట యేసుదాసును పిలిచారు.

"చర్చిలో గంట ఉందా?"

"ఉందండి."

"పనిచేస్తుందా?"

"చేస్తుందండి."

"కొట్టావా?"

"లేదండి."

"రాసుకో," అన్నాడు అధికారి గుమాస్తాతో.

"మంట పెట్టించింది ఆదిశేషయ్య మేస్త్రీ అండి. గీత ఊడ్చకుండా పెట్టించాడు. కాశీవిశ్వనాథం గారి..."

"నేనడిగింది గంట గురించి."

వరండాలోంచి జోజమ్మ లోపలికొచ్చింది. "అగ్గిపుల్ల ఎవడు గీశాడో అడగరేం సార్? గంట గీసిందా?"

"నువ్వు చూశావా గీయడం?"

"ముందు రోజు మా వాకిట్లోకి వచ్చి పిలిచాడు. రామన్నాం. రాకపోయినా పెడతానన్నాడు."

"గీయడం చూశావా?"

"చూళ్ళేదు."

"అయితే పోయి కూర్చో."

"కూర్చోడానికి ఇల్లెక్కడుంది సార్?" అంది జోజమ్మ. జవాను ఆమెను బయటికి పంపేశాడు.

గుమాస్తా కాగితం ఇచ్చాడు. యేసుదాసు చదివాడు. గంట కొట్టలేదని రెండు చోట్ల ఉంది. ఆదిశేషయ్య పేరు లేదు. కాశీవిశ్వనాథం పేరు లేదు. గీత సంగతి లేదు.

"నేను చెప్పింది ఇందులో లేదండి."

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "చూడవయ్యా. నువ్వు సంతకం పెడితే రిపోర్టు పైకి వెళ్తుంది. రిపోర్టు వెళ్తే మీకు రోడ్డు పక్కన ఇళ్ళ స్థలాలొస్తాయి. పెట్టకపోతే ఫైలు ఇక్కడే ఉంటుంది. రెండు నెలల్లో వానలు. తర్వాత నీ ఇష్టం."

నలభై ఒక్క కుటుంబాలు స్కూలు ఆవరణలో తాటాకుల కింద ఉన్నాయి. యేసుదాసు సంతకం పెట్టాడు.

బస్టాండులో జోజమ్మ అతని పక్కన కూర్చోలేదు. ఎదురుగా నిలబడింది.

"బావా, చదువొచ్చింది మాలో నీకొక్కడికే. మేమైతే వేలిముద్ర వేసి, ఏం రాశారో తెలీదని చెప్పుకునేవాళ్ళం. నువ్వు చదివి మరీ పెట్టావు."

"వానలొస్తాయి జోజమ్మా."

"రానీ. మా అమ్మ తడవదుగా."



స్థలాలు వానలకు ముందు రాలేదు. సెప్టెంబరులో వచ్చాయి. తిరువూరులో ఒక విలేకరి జులైలో ఆదిశేషయ్య పేరు పెట్టి వార్త రాసి పంపాడు. అప్పటికి ఎమర్జెన్సీ వచ్చింది. వార్త పడలేదు.

ప్రభుత్వ ఉత్తర్వు 1976 జనవరిలో వచ్చింది. కరణం వెంకటప్పయ్య స్కూలు ఆవరణలో నిలబడి చదివాడు. బీడీ ఆకు కోసం అడవిలో నిప్పు పెట్టడం ఇకపై నిషేధం. కొమ్మలు కొట్టించడం తప్పనిసరి. అడవి అంచున ఉన్న ప్రతి పేటలోనూ ప్రమాద గంట ఉండాలి, పండగలతో నిమిత్తం లేకుండా దాన్ని కొట్టాలి. గుట్టకిందిపేట మంటకు కారణం నిర్ధారణ కాలేదు. ప్రాణనష్టానికి కారణం సకాలంలో గంట కొట్టకపోవడం. ఉత్తర్వు అమలు చూడడానికి కమిటీ వేశారు. అందులో బీడీ ఆకు వ్యాపారుల తరఫున సభ్యుడు కాశీవిశ్వనాథం.

"ఇంకోసారి చదవండి కరణం గారూ," అంది జోజమ్మ. ఆయన చదివాడు.

"కాల్చినవాడు లేడు. కానీ ఇకనుంచి కాల్చకూడదు. మరి ఎవడికి చెప్తున్నట్టండీ ఇది?"

కరణం కాగితం మడిచాడు.

ఫిబ్రవరి 11న కాశీవిశ్వనాథం కారులో పేటకొచ్చాడు. ప్రమాద గంట కోసం రైలు పట్టా ముక్క తెచ్చాడు. స్కూలు ముందు చింతకొమ్మకు కట్టించాడు. కూడా వచ్చిన ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు. వెళ్ళబోతూ కాశీవిశ్వనాథం యేసుదాసు భుజం మీద చెయ్యి వేశాడు.

"జరిగిందేదో జరిగింది ఉపదేశి గారూ. ఈసారి పండగా గిండగా అని చూడకండి. కొట్టెయ్యండి."

యేసుదాసు ఆ చెయ్యి తీసేశాడు. "ఈసారా?" అన్నాడు. "ఈసారి కూడా పెట్టిస్తారా?"

"నవ్వులాటకన్నాను లెండి."

"అవతల ఆరు సమాధులున్నాయి. అక్కడికెళ్ళి నవ్వండి. రండి, నేను చూపిస్తాను."

కాశీవిశ్వనాథం కారెక్కాడు. ఫొటోగ్రాఫరు పరిగెత్తి వెనక సీట్లో కూర్చున్నాడు.

అదే రోజు సాయంత్రం యేసుదాసు మరణాల రిజిస్టరు తీశాడు. ఆరు పేర్ల పక్కన ఆరు గడులు పది నెలలకు పైగా ఖాళీగా ఉన్నాయి. ఆరింటిలోనూ రాశాడు.

ఆదివారం ఫాదర్ అంతోనయ్య పూజకు వచ్చారు. పూజయ్యాక యేసుదాసు రిజిస్టరు ఆయన ముందు పెట్టాడు. ఫాదర్ చదివారు.

"కాలిన గాయాలు అంటే సరిపోతుంది యేసుదాసూ. పేర్లెందుకు? రోజులు బాగాలేవు."

"విచారణ తేలాక రాద్దామన్నారు. తేలింది కదండీ."

"వాళ్ళు తేల్చింది ఇది కాదు."

"వాళ్ళు తేల్చింది కూడా రాశాను, చివర చూడండి. తిరువూరులో ఒకసారి అబద్ధానికి సంతకం పెట్టాను ఫాదర్. అది మీ దగ్గర ఒప్పుకున్నాను. ఇందులోనూ పెట్టమంటారా?"

ఫాదర్ చివరిదాకా మళ్ళీ చదివారు. జోజమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నాకు చదవడం రాదు," అందామె. "ఏం రాశాడో పైకి చదవండి ఫాదర్."

ఫాదర్ చదివి వినిపించారు. ఫాదర్ కలం తీసి సంతకం పెట్టారు.

ఏటా ముగిసిన ఏడాది రిజిస్టరు నకలు బెజవాడలో బిషప్పు గారి ఆఫీసుకు వెళ్తుంది. 1975 నకలు యేసుదాసే బస్సులో తీసుకెళ్ళాడు. ఆఫీసులో ముద్ర వేసి రసీదు ఇచ్చారు. రసీదు తేదీ 1976 ఫిబ్రవరి 23.

ఆ నకలులో మేరమ్మ పేరుకు ఎదురుగా కారణం గడిలో ఇలా ఉంది: "బీడీ ఆకు కోసం కాంట్రాక్టరు కాశీవిశ్వనాథం చెప్పగా మేస్త్రీ ఆదిశేషయ్య గీత ఊడ్చకుండా పెట్టించిన మంట. పది నిమిషాలు గంట కొట్టలేదు. కొట్టనివాడు ఉపదేశి యేసుదాసు."

మిగతా అయిదు గడుల్లోనూ అదే ఉంది.