కొట్టం మీది అర్ధచంద్రం

నేను ఒక అద్దాల అర్ధచంద్రాన్ని. పెద్దిళ్ళ వీధి తలుపు పైన, పురి విప్పిన నెమలిలా కనిపించే కిటికీని. నన్ను తెరవడం కుదరదు, నాలోంచి తొంగిచూడడం అంతకన్నా కుదరదు. చీకటి నడవలోకి కాస్త వెలుతురు పంపడమే నా పని అంటారు. అసలు పని వేరు. ఈ ఇంటివాళ్ళు మీకంటే ఒక మెట్టు పైనున్నారని, వాళ్ళు నోరు విప్పకముందే, వచ్చినవాళ్ళకు తెలియజెయ్యడం.

డబ్లిన్‌లో ఒక పనివాడు సీసపు కడ్డీలు వంచి, మధ్యన అద్దపు ముక్కలు బిగించి నన్ను తయారుచేశాడు. అక్కడినుంచి ఐర్లండ్ పడమటి కొసన ఉన్న ఒక కౌంటీకి పంపారు. కౌంటీ అంటే మీ జిల్లా లాంటిదే, కాకపోతే అక్కడ వాన ఎక్కువ. పెథెరిక్‌లనే భూస్వాముల భవంతికి నన్ను తలమానికం చేశారు. నా కింద నుంచి దొరలు, దొరసానులు నడిచేవారు, వాళ్ళ వేటకుక్కలూ నడిచేవి. పనివాళ్ళు మాత్రం ఇల్లంతా చుట్టి వెనక తలుపు నుంచి రావాలి. కుక్కలకు లేని నియమం మనుషులకెందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

ఆ ఇంటి ఆఖరి మేజర్‌గారి కాలంలో డీలియా అనే అమ్మాయి పనిలో చేరింది. నిచ్చెన వేసుకుని, వెనిగర్ నీళ్ళతో, పాత వార్తాపత్రికలతో నా అద్దాలు తుడిచేది. నా మొహం ఆమెకు తెలిసినంతగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా నా కింద నుంచి ఆమె ఒక్కసారీ రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె తల్లి వానలో పరుగెత్తుకుంటూ వచ్చి వీధి తలుపు కొట్టింది. డీలియా తండ్రికి ఊపిరి అందడం లేదు, కూతుర్ని చూడాలంటున్నాడు. తలుపు తీసిన దొరసానిగారు కోప్పడనైనా కోప్పడలేదు. వెనకనుంచి చుట్టి రమ్మని మర్యాదగా చెప్పి తలుపు వేసేశారు. ఆ ముసలామె గుర్రపుసాల దాటి, కూరగాయల తోట దాటి, వంటింటి గుమ్మం చేరి కబురు చెప్పింది. డీలియా చేతిలోని పళ్ళెం కింద పెట్టి, నడవ మధ్యలోంచి నడిచి, వీధి తలుపు బార్లా తెరిచి అలాగే వెళ్ళిపోయింది. ఇంటికి చేరేసరికి తండ్రి పోయాడు. మర్నాడు ఉద్యోగమూ పోయింది. తండ్రి పోయినందుకు కాదట, తలుపు తెరిచి వదిలేసినందుకట.

తర్వాత ఐర్లండ్‌కు స్వాతంత్ర్యం వచ్చి దేశం మారింది. మేజర్‌గారు ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. ఇంటికి పైకప్పు ఉంటేనే పన్ను కట్టాలి కాబట్టి, ఆ కుటుంబం ముందుగా పైకప్పు ఊడదీయించింది. మిగిలినవన్నీ వేలం వేశారు. డీలియా అప్పటికి క్వెర్క్ అనే రైతును పెళ్ళాడింది. మంచి బీరువా ఏదైనా తెస్తుందని ఆయన గాడిదబండి ఇచ్చి పంపితే, ఆమె గడ్డిలో పొదిగి నన్ను తెచ్చింది.

వాళ్ళ ఇంటి గుమ్మం మనిషి వంగి దూరేంత. నన్ను నిలబెట్టే చోటే లేదు. ఆ ఏడు క్వెర్క్ రాతితో కొత్త పశువుల కొట్టం కడుతున్నాడు. దాని తలుపు మీద నన్ను పెట్టమంది డీలియా.

“ఆవులకెందుకే ఈ వైభోగం?” అన్నాడు క్వెర్క్.

“వాటినైనా ఎవరూ వెనకనుంచి చుట్టి రమ్మనకూడదు,” అంది డీలియా.

ఆయన తాపీ అందుకున్నాడు.

ఆవులు మంచి యజమానులు. నన్ను చూసి గర్వపడలేదు, నన్ను చూపించి ఎవరినీ చిన్నబుచ్చలేదు. డీలియా పోయింది, ఆమె కొడుకు పోయాడు. మిగిలింది మనవరాలు ఫిలొమీనా. పెళ్ళి చేసుకోలేదు, ఆవులతోనే బతుకు. పాత ఇల్లు పడిపోతే తండ్రి పల్లపు చోట సిమెంటుతో కట్టిన ఇంట్లో ఉండేది. ఆ గోడలకు ఏడాది పొడుగునా చెమ్మే. రెండు చలికాలాలు వరసగా ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆస్పత్రి పాలైంది. మరో చలికాలం ఆ ఇంట్లో గడిపితే కష్టమని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆమె పొలంలో మెరక నేల ఒక్కటే, కొట్టం ఉన్న చోటు. దాన్ని పడగొట్టి చిన్న ఇల్లు వేసుకుందామనుకుంది.

సరిగ్గా అప్పుడే కౌంటీలోని పురాతన కట్టడాలు చూసుకుంటూ రోనన్ అనే అధికారి వచ్చాడు. నన్ను చూసి పేడలోనే నిలబడిపోయాడు. నా కడ్డీల వంపు, నా అద్దాల్లోని అలలు, ఏవేవో పొగిడాడు. ఇన్నేళ్ళూ ఆవుల మధ్య ఉన్న నాకు కాస్త సిగ్గేసింది. చివరికి, ఈ కొట్టాన్ని ఇకమీదట పడగొట్టడానికి వీల్లేదని చెప్పాడు.

“మరి నా ఇల్లో?” అని ఫిలొమీనా సిమెంటు ఇంటివైపు చూపించింది.

అతను మర్యాద కోసం కాసేపు చూశాడు. “దానికి ఏ విలువా లేదమ్మా. మీ ఇష్టం,” అన్నాడు.

ఆవిడ కొట్టంలోకి వెళ్ళి ఆవు వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. చాలాసేపు దగ్గింది. రోనన్ వెళ్ళిపోలేదు. ఆ దగ్గు విన్నాక అతని పొగడ్తలు నోట్లోనే ఆగిపోయాయి. కాసేపటికి ఫిలొమీనా బయటికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

“పడగొట్టకూడదు, సరే. అందులో ఆవులే ఉండాలని ఎక్కడైనా ఉందా బాబూ?”

అతను ఆలోచించాడు. అలా ఎక్కడా లేదన్నాడు. తర్వాత అతనే నాలుగు చోట్లా తిరిగి అనుమతులు తెచ్చాడు, మరమ్మతుకు సర్కారు సాయం ఇప్పించాడు, సెలవు రోజుల్లో వచ్చి సున్నం కలిపాడు. చలి ముదరకముందే ఫిలొమీనా మంచం, పొయ్యి, రేడియో నా కిందుగా లోపలికి వెళ్ళాయి. ఆవులు సిమెంటు ఇంట్లోకి మారాయి. వాటికి చెమ్మ పట్టకుండా కిటికీలు పీకేసి గాలి ఆడనిచ్చారు. పరదాలు తీసే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది. ఆ చలికాలం ఆవిడ ఆస్పత్రి మొహం చూడలేదు.

ఇప్పుడు నన్ను చూడ్డానికి జనం వస్తున్నారు. మొన్న ఒక బృందం నా ముందు నిలబడి, ఈ గుమ్మం ఏ ప్రభువులదో అని చర్చించుకుంది. రబ్బరు బూట్లతో, చేతిలో బకెట్‌తో ఫిలొమీనా బయటికి వచ్చింది. ఆవిణ్ణి పనిమనిషి అనుకుని ఒక పెద్దమనిషి, ఇంటివాళ్ళు ఉన్నారా, ఒకసారి పలకరించవచ్చా అని అడిగాడు.

“అదుగో, అక్కడున్నారు. ఇప్పుడే తిండి అయింది,” అని పల్లంలోని ఇల్లు చూపించింది ఫిలొమీనా.

అంతా అటు తిరిగారు. లేసు పరదాల మధ్య నుంచి ఎర్రావు ఒకటి తల బయటపెట్టి, నెమరువేస్తూ వాళ్ళను పరీక్షగా చూసింది. పెద్దమనిషి ఒక క్షణం తడబడి, టోపీ తీసి నమస్కరించాడు.